అరువు బలం, అరువు కాని పేరు: చందమామ సాహస ధారావాహికలు – సూపర్‌హీరో – అభిమాన పాఠకుడు

ప్రస్తావన

బాల్యంలో చదివిన సాహసకథలను జీవితాంతం మోసుకు తిరిగే పాఠకుడిని తెలుగు విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. అతని మాటలకు ‘జ్ఞాపకాలు’ అని పేరు పెట్టి పత్రికల ఆదివారం అనుబంధాలకు వదిలివేసింది. బాలసాహిత్య పరిశోధన కూడా నీతి, విజ్ఞానం, భాషాసరళత అనే కొలమానాల చుట్టూనే ఎక్కువగా తిరిగింది. మాంత్రికులు, రాక్షసులు, పాడుబడిన కోటలు, సొరంగాలు నిండిన ధారావాహికలు ఈ కొలమానాలకు లొంగవు. అందువల్ల అవి కాలక్షేప రచనల కింద మిగిలిపోయాయి.

అయితే ఆ ధారావాహికలు రాసిన వ్యక్తి పేరు సాహిత్యచరిత్రకు అందిందంటే, అందులో ప్రధాన పాత్ర ఆ అభిమాన పాఠకుడిదే. ఈ వ్యాసం రెండు విషయాలను కలిపి పరిశీలిస్తుంది. మొదటిది, చందమామ సాహస ధారావాహికల వీరునికీ, అమెరికన్ కామిక్స్‌లో పుట్టిన సూపర్‌హీరోకూ బలం విషయంలో ఉన్న భేదం. రెండవది, ఆ వీరుణ్ణి ప్రేమించిన పాఠకుడు ఆ ప్రేమతో ఏం చేశాడన్నది. శక్తి ఎవరి సొత్తు, కథ ఎవరి సొత్తు అనే రెండు ప్రశ్నలకూ ఈ ధారావాహికల లోకంలో దగ్గరి చుట్టరికం ఉంది.

బ్రాడీపేట పాఠకుడు: ఒక నమూనా

చర్చ గాలిలో సాగకుండా ఉండటానికి ఒక పాఠకుణ్ణి ఊహించుకోవడం అవసరం. అతడు 1960లో పుట్టాడనీ, గుంటూరు బ్రాడీపేటలో పెరిగాడనీ అనుకుందాం. బ్రాడీపేట లైన్లుగా, అడ్డరోడ్లుగా గీత గీసినట్లు ఏర్పడిన పేట. అక్కడ చిరునామా అంటే రెండు అంకెలు: నాలుగవ లైను, పద్నాలుగవ అడ్డరోడ్డు అంటే 4/14. చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు, మిరప, తరువాతి కాలంలో పత్తి పండించిన కుటుంబాలు పిల్లల చదువుల కోసం గుంటూరులో ఇల్లు అద్దెకు తీసుకోవడం ఈ ప్రాంతపు సాంఘిక చరిత్రలో భాగం. అలాంటి ఇంట్లో నెలనెలా వచ్చే చందమామ ఒక్కరి పుస్తకంగా ఉండదు. ఇంటిల్లిపాదీ చదివాక పొరుగింటికి వెళుతుంది, సెలవుల్లో ఊరికి ప్రయాణమవుతుంది, అక్కడ మరో పది చేతులు మారుతుంది.

ఈ పాఠకుని వయస్సును ధారావాహికల కాలక్రమంతో జతచేస్తే ఒక జీవితరేఖ కనబడుతుంది. ‘పాతాళదుర్గం’ 1966లో మొదలయ్యేనాటికి అతనికి ఆరేళ్ళు. కథ పెద్దలు చదివి వినిపించాలి. ‘శిథిలాలయం’ 1968లో మొదలయ్యేసరికి తానే కూడబలుక్కుని చదవగలడు. ‘రాతిరథం’ 1970లో, ‘యక్షపర్వతం’ 1972లో అతని పది, పన్నెండేళ్ళ ప్రాయంలో వచ్చాయి. ‘మాయాసరోవరం’ 1976లో వచ్చేటప్పటికి కాలేజీ మెట్లెక్కే వయస్సు. చందమామ చదువుతున్నట్లు స్నేహితులకు తెలియనివ్వని వయస్సు కూడా. ఎన్.టి.రామారావు ‘సూపర్‌మేన్’ సినిమా వచ్చిన 1980లో అతనికి ఇరవై. ‘హను-మాన్’ విడుదలైన 2024 జనవరి నాటికి మనుమడిని వెంటబెట్టుకుని థియేటరుకు వెళ్ళే తాతయ్య. ఒక మనిషి జీవితంలో అతీతశక్తి కథ ఎన్ని రూపాలు మార్చిందో ఈ రేఖ చెబుతుంది.

ఈ ధారావాహికలు మద్రాసు ముద్రణాలయం నుంచి వచ్చినా వాటి వెనుక ఉన్న కొందరు ముఖ్యులు ఈ పాఠకునికి పొరుగువారే. 1947 జూలైలో బి.నాగిరెడ్డితో కలిసి చందమామను స్థాపించిన చక్రపాణిదీ, 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలి ప్రాంతం. చందమామ వచనం పాఠ్యపుస్తకపు బిగువు లేకుండా, నోటితో చెప్పే కథలా నడవడం ఈ ప్రాంతపు పిల్లవాడికి పరాయిగా తోచలేదు. కుటుంబరావు తీర్చిన ఆ వాడుకభాషే మాంత్రికుని గుహకూ ఇంటి అరుగుకూ మధ్య వంతెన అయింది.

బలం ఎక్కడుంది?

1938 జూన్ తేదీతో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మేన్ కనిపించాడు. మరుసటి ఏడాది బ్యాట్‌మేన్, 1962లో స్పైడర్‌మేన్ వచ్చారు. ఈ ముగ్గురిలో సూపర్‌మేన్ బలం పుట్టుకతో వచ్చింది, స్పైడర్‌మేన్ బలం ప్రమాదవశాత్తు ఒంట్లో చేరింది, బ్యాట్‌మేన్ బలం సంపద, సాధన, సాంకేతికతల ఫలితం. మూలాలు వేరైనా ఒక లక్షణం సమానం. బలం ఆ వ్యక్తిదే. అతడు దానిని లోకం కోసం వాడవచ్చు, దాచుకోవచ్చు, దాని బరువుకు కుంగిపోవచ్చు. మరొకరికి అప్పగించి మామూలు మనిషిగా ఇంటికి వెళ్ళడం మాత్రం అరుదు. ముసుగు, రహస్య జీవితం అనే కల్పనలు అందుకే అవసరమయ్యాయి. ఒంటిలోనే ఉన్న శక్తిని పక్కన పెట్టలేనివాడు కనీసం ముఖాన్నయినా పక్కన పెట్టాలి.

దాసరి సుబ్రహ్మణ్యం చందమామకు 1954 నుంచి రాసిన పన్నెండు సాహస ధారావాహికల్లో అమరిక తలకిందులుగా ఉంటుంది. అక్కడ అతీతశక్తి సాధారణంగా ప్రతినాయకుని వద్ద ఉంటుంది. మొదటి ధారావాహిక ‘తోకచుక్క’లో సేనానాయకుడు సమరసేనుడు మాంత్రికుల ద్వీపంలో చిక్కుకుంటాడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పగ మధ్య అతని దగ్గరున్నవి కత్తి, తెలివి, వెంట వచ్చిన సైనికులు మాత్రమే. మాంత్రికుల బలాబలాలను గమనించి, ఒకరి శక్తిని మరొకరి మీదికి మళ్ళించి బయటపడటం అతని పని. బ్రాడీపేట పిల్లవాడు ఈ కథ నుంచి నేర్చుకునేది ఎగరడం కాదు, ఎదుటివాడి బలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గమనించడం.

వీరునికి శక్తి దొరికిన సందర్భాల్లో కూడా అది అతని దేహంలో కలిసిపోదు. ‘యక్షపర్వతం’ వీరులు ఖడ్గవర్మ, జీవదత్తుల్లో జీవదత్తుని మహిమ అతని చేతిలోని దండంలో ఉంటుంది. చేతిలో ఉన్న వస్తువు చేజారవచ్చు. ఆ భయం ప్రతి నెలా కథను నడిపే ఇంధనం. సూపర్‌హీరో కథలో ‘ఇతణ్ణి ఎవరు ఓడించగలరు’ అన్నది ప్రశ్న. దాసరి కథలో ‘ఇతడు ఎలా గట్టెక్కుతాడు’ అన్నది ప్రశ్న. ధారావాహిక అనే రూపానికి రెండవ ప్రశ్న చక్కగా అమరుతుంది. నెల రోజుల పాటు పాఠకుడు వీరుని స్థానంలో నిలబడి ఉపాయం ఆలోచించాలి. వీరునికి లేని బలాన్ని పాఠకుని ఆలోచన పూరిస్తుంది.

ఈ కథల్లో మరో స్థిరలక్షణం జంట. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు, ధూమకుడు, సోమకుడు. పాత పాఠకులు ఈ పేర్లను ఇప్పటికీ జంటగానే పలుకుతారు. అమెరికన్ కామిక్స్‌లో వీరుని పక్కన అనుచరుడు ఉన్నా అతడు ప్రధానంగా సహాయకుడు. దాసరి జంటల్లో ఇద్దరి స్వభావాలు వేరు, ఇద్దరి అవసరమూ సమానం. జయశీలుని నిదానానికి సిద్ధసాధకుని దూకుడు తోడవకపోతే ‘మాయాసరోవరం’ కథ ముందుకు కదలదు. ఒకరి దగ్గర లేనిది మరొకరి దగ్గర అరువు తెచ్చుకోవడం ఇక్కడ లోపంగా కనబడదు, స్నేహానికి అర్థంగా కనబడుతుంది.

బొమ్మల అమరిక కూడా ఈ తేడాను బలపరిచింది. కామిక్స్‌లో గళ్ళు కథను నడుపుతాయి, మాట బుడగలో ఒదుగుతుంది. చందమామ ధారావాహికలో వచనమే కథను నడుపుతుంది. పేజీకొక బొమ్మ ఒక క్షణాన్ని పట్టి నిలుపుతుంది. ‘తోకచుక్క’కు బొమ్మలు వేసిన చిత్రా వంటివారు ఆ క్షణాన్ని చాలా సందర్భాల్లో ప్రమాదం విరుచుకుపడే ముందరి ఘట్టంగా ఎన్నుకున్నారు. ఎత్తిన కత్తి ఎలా దిగిందన్నది పాఠకుడు మనసులో గీసుకోవాలి. సూపర్‌హీరో బలాన్ని పిల్లవాడు కళ్ళతో చూస్తాడు. దాసరి వీరుని ధైర్యాన్ని వాక్యాల్లోంచి తానే కూడగట్టుకుంటాడు.

వెండితెర మీద వరం

తెలుగు సినిమాలో అతీతశక్తి కథను ఈ వెలుగులో చూస్తే ఒక వరుస కనబడుతుంది. చందమామను స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థ ద్వారా 1951లో ‘పాతాళభైరవి’ నిర్మించారు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో తోట రాముడు తోటమాలి కొడుకు. అతణ్ణి బలి ఇవ్వబోయిన మాంత్రికుణ్ణే బలిచ్చి కోరికలు తీర్చే ప్రతిమను సంపాదిస్తాడు. ఆ ప్రతిమ చేజారగానే సంపద, మేడ, రాకుమారి అన్నీ దూరమవుతాయి. మిత్రుడు అంజి తోడుతో రాముడు మళ్ళీ సాహసానికి దిగాలి. మూడేళ్ళ తరువాత మొదలైన ‘తోకచుక్క’ లోకానికి ఇది అన్న వరుస అవుతుంది. శక్తి వస్తువులో ఉంది, వస్తువు చేతులు మారుతుంది, మనిషి మిగులుతాడు.

1980 నాటి ‘సూపర్‌మేన్’ పేరు, దుస్తులు అమెరికా నుంచి తెచ్చుకుంది. బలాన్ని మాత్రం ఆంజనేయుని వద్దనే తెచ్చుకుంది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాలుడు ఆంజనేయుణ్ణి ప్రార్థించి వరం పొందుతాడు. విదేశీ కథను ఇక్కడికి తెచ్చినవారు మార్చకుండా ఉండలేకపోయిన అంశం ఇదొక్కటే అన్నది గమనార్హం. పరగ్రహంలో పుట్టడం వల్ల వచ్చిన బలం తెలుగు ప్రేక్షకునికి సరిపోదని వారు భావించారు. బలం ఎవరో ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినవారికి మొక్కాలి.

ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ ఈ భేదాన్ని కథాంశంగానే మార్చింది. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలోని చిల్లర దొంగ హనుమంతుకు ఆంజనేయుని రక్తబిందువు నుంచి పుట్టిన మణి దొరుకుతుంది. దాని శక్తి పగటి వెలుగులోనే పనిచేస్తుంది. సూర్యుడు అస్తమిస్తే అతడు మళ్ళీ మామూలు కుర్రవాడు. ప్రతినాయకుడు మైఖేల్ చిన్ననాటి నుంచి సూపర్‌హీరోల వీరాభిమాని. సూపర్‌హీరోలకు తల్లిదండ్రులు ఉండరన్న తర్కంతో కన్నవారినే చంపుకుంటాడు. యంత్రకవచంతో బలం కొనుక్కుంటాడు, అది చాలక మణి కోసం గ్రామానికి వస్తాడు.

మైఖేల్ పాత్రను ఉన్మాదిగా మాత్రమే చూస్తే విమర్శకు ఒక అవకాశం జారిపోతుంది. అతడు జీవితకాలపు అభిమాని. బాల్యంలో చదివిన కథను అక్షరాలా నమ్మి, దాని యజమాని కావాలనుకున్నవాడు. కథలో బలం వ్యక్తి సొంత ఆస్తి అయినప్పుడు అభిమాని కూడా ఆస్తి కోరుకుంటాడన్న హెచ్చరిక అతని పాత్రలో ఉంది. అయితే అభిమానానికి మరో దారి ఉందా? దానికి సమాధానం తెర బయట, పాత చందమామల అట్టల మధ్య దొరుకుతుంది.

పేరు లేని రచయిత, పేరు వెతికిన పాఠకుడు

చందమామ పిల్లలకు బొమ్మల కింది సంతకాలు తెలుసు. చిత్రా, శంకర్, అట్ట మీద వపా అన్న పొడి అక్షరాలు వారికి ఆత్మీయుల పేర్లు. నెలనెలా ఊపిరి బిగబట్టించిన ధారావాహిక రాసినవారెవరో మాత్రం వారికి తెలియదు. ఆ కథలు రచయిత పేరు లేకుండా అచ్చయ్యేవి. దీనికి పత్రిక స్వభావంలో కారణాలు వెతకవచ్చు. చందమామ కథలన్నీ ఒకే గొంతుతో వినిపించాలన్నది సంపాదకవిధానం. అదే కథ తమిళంలో అంబులిమామాలోనూ, మరాఠీలో చాందోబాలోనూ, మరెన్నో భాషల్లోనూ వెలువడాలి. పేరు లేని కథ ప్రతి భాషలోనూ సొంత కథలా ఇమిడిపోతుంది. ఫలితంగా అర్ధశతాబ్దం పైగా ఆ సంపాదకవర్గంలో పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం లక్షల మంది బాల్యంలో ఉంటూ వారెవరికీ తెలియని మనిషిగా మిగిలారు. ముసుగు వీరుల కథల్లో ఊహగా ఉన్నది ఇక్కడ ఒక రచయిత జీవితంలో వాస్తవమైంది. ఆ ముసుగు ఆయన ఎంచుకున్నది కాదు.

సూపర్‌మేన్ చరిత్రలోనూ ఇలాంటి గాయం ఉంది. సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు ఆ పాత్ర హక్కులు వదులుకున్నారు. దశాబ్దాల పాటు వారి పేర్లు మరుగున పడ్డాయి. 1975లో, సూపర్‌మేన్ భారీ చిత్రం తయారవుతున్నవేళ, సీగెల్ బహిరంగంగా గొంతెత్తడం, తోటి చిత్రకారులు మద్దతుగా నిలవడం వల్ల వారికి వార్షిక భృతి, కథలపై పేరు దక్కాయి. బ్యాట్‌మేన్ రూపకల్పనలో పాలుపంచుకున్న బిల్ ఫింగర్ 1974లోనే మరణించాడు. సహసృష్టికర్తగా అధికారికంగా అతని పేరు పడింది 2015లో. అక్కడ పోరాటానికి చట్టం, పత్రికలు, వృత్తిసంఘాలు సాధనాలయ్యాయి.

దాసరి విషయంలో సాధనం పాఠకుల జ్ఞాపకం. ఎదిగిన పిల్లలు ఆ కథలు ఎవరివని అడగడం మొదలుపెట్టారు. దాచుకున్న సంచికలను బయటికి తీశారు, లేనివాటి కోసం పాత పుస్తకాల దుకాణాలు గాలించారు, స్కాన్ చేశారు, విడిభాగాలను వరుసలో పేర్చి ఒకరికొకరు పంచుకున్నారు. ఆయన 2010 జనవరిలో మరణించేనాటికి దాసరి సుబ్రహ్మణ్యం అన్న పేరు ఆ ధారావాహికలతో విడదీయరానిదయింది. కథలు పుస్తకరూపం కూడా దాల్చాయి. చందమామ 2013 నాటికి ఆగిపోయినా ఆ కథలు ఆగకపోవడానికి ఈ శ్రమ ఒక ముఖ్యకారణం.

ఈ శ్రమలో పరిశోధకులు గమనించవలసిన ఒక ఇరకాటం ఉంది. తెలుగు ఇళ్ళలో ధారావాహిక పేజీలను సంచికల నుంచి విడదీసి, ఒకటిగా కుట్టించి బైండు చేయించుకోవడం అలవాటు. కథను కాపాడింది ఆ బైండే. అయితే అట్ట, విషయసూచిక, నెల, సంవత్సరం అందులో పోయాయి. పక్క పేజీలో ఏ ప్రకటన ఉందో, అదే నెల బేతాళకథ ఏమిటో తెలుసుకునే దారి మూసుకుపోయింది. పాఠకుని ప్రేమ పాఠాన్ని నిలిపి సందర్భాన్ని కోల్పోయింది. ఇళ్ళలోని బైండ్లను గ్రంథాలయాల్లోని పూర్తి సంచికలతో సరిపోల్చి ధారావాహికల కాలసూచిక, పాఠభేదాలు తయారుచేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ఆ బైండ్లను భద్రపరిచిన తరానికి వయస్సు మీరుతోంది కనుక అది త్వరగా చేపట్టవలసిన పని కూడా.

అభిమానానికి హద్దులు

అభిమాని సాక్ష్యాన్ని విలువైనదిగా గుర్తించడం అంటే దానిని తుదితీర్పుగా అంగీకరించడం కాదు. పాత పాఠకుల రాతల్లో తరచుగా వినిపించే మాట, ఆనాటి కథలు నేటి పిల్లలకు లేవన్నది. దీనిని పరీక్షించాలి. దాసరి జంటల్లో స్త్రీ లేదు. రాకుమార్తెలు అపహరణకు గురవుతారు, విడిపింపబడతారు. ఉపాయం ఆలోచించే అవకాశం వారికి అరుదు. అదే ఇంట్లో అదే సంచిక చదివిన బాలిక ఎవరి స్థానంలో నిలబడి చదివిందన్న ప్రశ్నను అభిమానుల రాతలు దాదాపుగా వేయలేదు. శిఖిముఖి వంటి అటవీజాతి యువకుని ప్రధానవీరునిగా నిలపడం ఆ కాలానికి చెప్పుకోదగిన విషయమే. మరోవైపు పేరులేని ఆటవిక గుంపులు భయపెట్టడానికే ప్రవేశించి ఓడిపోయి నిష్క్రమించే ఘట్టాలూ ఈ తరహా కథల్లో ఉన్నాయి. చిన్ననాటి ఇష్టం ఈ రెండింటినీ ఒకేసారి చూడనివ్వదు. రెండవసారి, పెద్దయ్యాక చదివే చదువు చూడగలదు.

అలాగే సూపర్‌హీరోను విదేశీ సరుకుగా కొట్టిపారేయడమూ సరికాదు. బలంతో పాటు వచ్చే బాధ్యతను సామాన్య యువకుని ఇంటి అద్దె, చదువు, ప్రేమల మధ్య పెట్టి చూపిన స్పైడర్‌మేన్ కథల్లో దాసరి కథలకు లేని దైనందిన జీవితం ఉంది. సమరసేనుడు ఏం తింటాడో, ఎవరికి బాకీ ఉన్నాడో ‘తోకచుక్క’ చెప్పదు. నేటి పిల్లవాడు రెండు లోకాలనూ తెరమీద ఒకే వారంలో చూస్తాడు. అతనికి ఏది గొప్పదని చెప్పడం కన్నా రెండింటిలో బలం ఎవరి దగ్గర ఉందో చూడమని చెప్పడం విమర్శ చేయగల మేలు.

ముగింపు

వాల్మీకి రామాయణంలో సముద్రం ఒడ్డున వానరులందరూ నిస్సహాయులై ఉన్నప్పుడు హనుమంతుడు ఒక పక్కన మౌనంగా కూర్చుని ఉంటాడు. జాంబవంతుడు అతని జన్మవృత్తాంతం చెప్పి బలాన్ని గుర్తుచేస్తాడు. తెలుగు అతీతశక్తి కథకు మూలసూత్రం ఆ ఘట్టంలో ఉంది. మహాబలునికి సైతం బలం మరొకరి మాటతోనే తిరిగి అందుతుంది. మణి, దండం, ప్రతిమ, వరం అన్నవి ఈ సూత్రానికి వేర్వేరు రూపాలు.

చందమామ ధారావాహికల విషయంలో జాంబవంతుని పాత్ర అభిమాన పాఠకునిది. అతడు కథకు యజమాని కావాలనుకోలేదు. కథ ఎవరిదో కనుక్కుని, ఆ పేరును దానికి తిరిగి చేర్చాడు. వీరుని బలం అరువుది కావచ్చు. రచయిత పేరు అరువుది కాదు, అది ఆయనకు చెల్లవలసిన బాకీ. తెలుగు సాహిత్యచరిత్ర మరచిన ఆ బాకీని బ్రాడీపేట వంటి పేటల్లో, పాత బీరువాల్లో బైండ్లు దాచుకున్న పాఠకులు తీర్చారు. విమర్శ ఇకనైనా వారి మాటను జ్ఞాపకాల శీర్షిక నుంచి బయటికి తెచ్చి, ఆధారంగా స్వీకరించి, ఆధారాన్ని పరీక్షించినట్లే పరీక్షించాలి.